తాత చాకులకి తుప్పెందుకు?

ప్రశ్న: అన్నా, మా తాత మడత చాకులు నాలుగు దొరికినాయి. ఒకదానికి ఎనుము కొమ్ము పిడి, ఒకటి ఇత్తడి, ఒకటి చెక్క, ఇంకోటి తాబేలు చిప్ప మాదిరి మెరిసే పిడి. అన్నీ ఒకే డబ్బాలో పెడితే బ్లేడ్లకి తుప్పు. పైగా ఒకాయన దుప్పి కొమ్ము పిడిది అమ్ముతానంటాడు, కొనాలా? - ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు ఆ మెరిసే పిడిని గుడ్డతో గట్టిగా రుద్ది వాసన చూడబ్బా, కర్పూరం వాసనొస్తే అది సెల్యులాయిడ్ అనే పాతకాలం ప్లాస్టిక్, పాతబడేకొద్దీ ఆమ్లం ఆవిర్లు వదుల్తుంది, మూతేసిన డబ్బాలో పక్కనున్న ఉక్కునంతా అదే తింటుంది. దాన్ని వేరేగా, గాలాడేచోట పెట్టు, మంటకి దూరంగా, ఎందుకంటే భగ్గుమంటుంది. కొమ్ము పిడి మన ఎండలకి పొరలుగా చీలుతుంది, పురుగు కూడా తింటుంది, కాబట్టి అప్పుడప్పుడూ చూస్తుండు. చెక్క వానాకాలం ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది, లాగి గోరు విరగ్గొట్టుకోకు. ఇత్తడి పచ్చబడితే చింతపండు చాలు, బ్లేడుకి మాత్రం తగలనీకు. మడత దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క.

నాకైతే ఎనుము కొమ్మే ఇష్టం, చేతికి వెచ్చగా ఉంటుంది.

దుప్పి కొమ్ము జోలికి పోవద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద ఆ బేరం నేరం.