రాజగోపురం ఎస్టిమేటు చూశాక

చిరంజీవి శ్రీనివాసుకు మీ మామయ్య ఆశీస్సులు.

అల్లుడూ, మన ఊరి గుడిని కొత్తగా కట్టడానికి నువ్వు పంపిన ఎస్టిమేటు చదివాను. ఐదంతస్తుల రాజగోపురం, నల్లరాతి మండపం... కాగితం మీద బాగానే ఉంది. "ఇదంతా గుడికి పోసే బదులు బడికి పెట్టవచ్చు కదా" అని అడిగే కుర్రాళ్లకు ఏం చెప్పాలో తోచడం లేదని రాశావు. ముందు వాళ్లను నాస్తికులని తిట్టడం మానండి. ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగిన నల్లగొండలో ఆ ప్రశ్న పుట్టకపోతేనే ఆశ్చర్యం.

అలాగని గుడికి పెట్టిందంతా దండగ అంటే నేను ఒప్పుకోను. ఒకసారి నల్లగొండ పక్కనున్న పానగల్లు వెళ్లిరా. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక రోజంతా కదలకుండా నిలిచే నీడను చూడటానికి జనం ఇప్పటికీ వస్తున్నారు. కట్టించిన కందూరు చోళుల పేరు వాళ్లలో ఎందరికి తెలుసో గానీ, ఆ రాజుల కాలం నాటి ఉదయసముద్రం చెరువు పక్కనే ఉంది, నేటికీ అక్కరకు వస్తోంది. అప్పటివాళ్లు గుడి కట్టి చేతులు దులుపుకోలేదు. దీపానికి నూనె ఎక్కడిది, అర్చకుడి బతుకు ఎలా గడవాలి, ఏ చెరువు కింది మడి స్వామికి చెందాలి అని రాతి మీద చెక్కించేవారు. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో 1208 నాటి ఎరకేశ్వరాలయం ఇంకా నిలిచి ఉందంటే రాతి బలం ఒక్కటే కాదు, కాకతీయుల కాలపు ఆ ఏర్పాటు కూడా కారణమే అనుకుంటాను.

మీ కాగితంలో లేనిది అదే. ప్రతిష్ఠ నాటి అన్నదానం వరకు లెక్క ఉంది, మర్నాటి ఉదయం నుంచి లేదు. పల్లెల్లో ఎన్నో గుళ్లకు దీపం ఖర్చు కూడా లేకనే కదా ప్రభుత్వం ధూప దీప నైవేద్య పథకం పెట్టవలసి వచ్చింది! యాదగిరిగుట్టను చూపించి వాదించకు. 2022 మార్చిలో తిరిగి తెరిచిన ఆ ఆలయానికి ఖజానా అండ ఉంది, హైదరాబాదు నుంచి వచ్చే జనం ఉన్నారు. మన ఊరికి వచ్చేది పండుగకు ఇంటికి చేరే పిల్లలే.

కాబట్టి చందా రశీదు పుస్తకం తెరిచే ముందే, వచ్చినదాంట్లో సగం శాశ్వత నిధి కింద బ్యాంకులో వేయాలని తీర్మానం రాయించు. నిత్య నైవేద్యం, అర్చకుడి జీతం, శ్లాబు కారితే మరమ్మతు, అన్నీ ఆ వడ్డీలోంచే జరగాలి. ఆ వడ్డీ ఎంత గుడిని పోషించగలదో అంతే కట్టండి. గోపురం రెండంతస్తులకు తగ్గితే స్వామి అలగడు, అలిగేది మీ కమిటీ అధ్యక్షుడే.

ఇంటికింత అని పన్నులా వేయవద్దు. బొంబాయిలో మట్టి మోసి వచ్చిన పాలమూరు బంధువుల దగ్గర కూడా మీవాళ్లు పట్టుబట్టి వసూలు చేస్తున్నారని విన్నాను. అది వెంటనే ఆపించు. ఇచ్చిన మొత్తాన్ని బట్టి దాతల పేర్లతో చిన్నా పెద్దా పలకలు పెట్టే ఆలోచన కూడా వదిలేయండి.

పాత గర్భగుడిని జేసీబీతో కూల్చే మాట ఎత్తనివ్వకు. ముందు పురావస్తు శాఖవాళ్లకు చూపించండి. సున్నం పొరల కింద శాసనం ఉన్నా ఉండవచ్చు. కదపక తప్పకపోతే దానికీ పద్ధతి ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విడదీసి ఆలంపురంలో మళ్లీ నిలబెట్టారు.

బడి సంగతి. గుడి ముందు తవ్వించే బోరు నుంచి పక్కనే ఉన్న బడికీ ఒక పైపు వేయించు, ఎస్టిమేటులో చేర్చినా పెద్దగా పెరగదు. తాగడానికి ఇచ్చే ముందు ఆ నీటిలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించాలి.

గుడి కట్టే శిల్పి, అదే స్థపతి, వచ్చే తేదీ ఖరారైతే ఫోను చెయ్యి. మార్చిన ఎస్టిమేటు మాత్రం అంతకు ముందే నాకు అందాలి.

మీ మామయ్య