'మొదటి మహిళగా పని చేసెను'
(టీచరమ్మను అడగండి)

ఆదోని నుంచి ఒక తల్లి: టీచరమ్మ గారూ, నా కూతురు 6వ తరగతి. ఫిబ్రవరి 28న సైన్సు దినోత్సవానికి బడిలో మహిళా శాస్త్రవేత్త వేషం వేసుకొని రమ్మన్నారు. నల్ల గౌను కుట్టించి మేరీ క్యూరీని చేసినాను. నాలుగు వాక్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. ఇంటికొచ్చి, 'ఇంతకీ ఈమె చేసిన పనేంది మా? మనోళ్లు ఎవరూ లేరా?' అనింది. నేను ఇంటర్‌తో ఆపేసినదాన్ని. ఎట్లా చెప్పేది?

జవాబు: నీ ఈడు కూతురుంది నాకు, అందుకని నువ్వనే అంటాను తల్లీ. మీ పాప అడిగిన ప్రశ్న నా క్లాసులో ఒక్క బిడ్డా అడగలేదు. తప్పు నాదే. అనంతపురంలో 8వ తరగతి గోడకు 10 పటాలు తగిలించి, ఒక్కోదాని కింద పేరు, పుట్టిన సంవత్సరం, 'మొదటి మహిళ' అని రాయించినాను. పరీక్షలో 'ఆనందీబాయి జోషి చేసిన పని ఏమి?' అని ఇస్తే ఒక పిల్ల 'ఆమె మొదటి మహిళగా పని చేసెను' అని రాసింది. నవ్వుకుంటూ సున్నా చుట్టినాను. ఇంటికి పోయినాక ఆలోచిస్తే, నా ప్రశ్నే తప్పు. 14 ఏండ్లకు కన్న బిడ్డ 10 దినాలకే పోతే డాక్టరు కావాలనుకున్న మనిషి ఆనందీబాయి. అమెరికా పోయి 1886లో పట్టా తెచ్చుకుంది. ఇక్కడ వైద్యం మొదలుపెట్టక ముందే, 22 నిండకుండా క్షయతో కన్నుమూసింది. పని చేసే అవకాశమే దక్కని మనిషి గురించి 'చేసిన పని ఏమి' అని అడిగినాను నేను!

అందుకే పేర్లతో మొదలుపెట్టొద్దు. పాప చేతికి తగిలే వస్తువుతో మొదలుపెట్టు. వాన పడితే 'పదునైందా, లేదా' అని, అంటే నేల దున్నేంత తడిసిందా అని, మీ ఇంట్లో పెద్దోళ్లు అనేది వినే ఉంటుంది. నిలువు గోడల స్టీలు డబ్బా ఒకటి మిద్దె మీద పెట్టించు. వాన పడిన మరుసటి పొద్దున 8:30కి స్కేలుతో కొలవమను. వాతావరణ శాఖ వాళ్లు కొలిచేదీ ఆ వేళకే. 1 సెంటీమీటరు నీళ్లుంటే 10 మిల్లీమీటర్ల వాన. (వాన కోసం ఎదురుచూడాల్సి వస్తే చూడనీ, సీమ పిల్లే కదా.)

రెండు వానలు కొలిచినాక అన్నా మణి పేరెత్తు. కేరళ బిడ్డ, 1918లో పుట్టింది. 8వ పుట్టినరోజుకు ఇంటి ఆచారం ప్రకారం వజ్రాల కమ్మలు పెడతామంటే, నాకొద్దు, విజ్ఞాన సర్వస్వం కొనీండి అనింది. మళ్లీ ఆ వజ్రాలే పట్టుకుంది చూడు! బెంగుళూరులో సి.వి. రామన్ దగ్గర చేరి, వజ్రాలు, కెంపులు వెలుతురును ఎట్లా మింగుతాయి, ఎట్లా మెరుస్తాయి అని పరిశోధించింది. ఒక్కో ఫోటో ప్లేటుకు 15, 20 గంటలు పట్టేది. రాత్రిళ్లు ల్యాబ్‌లోనే పడుకునేది. తొలకరికి మీ తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలకు తిరిగే జనాన్ని చూసిన పిల్లకు ఈ కథ ఇట్టే పడుతుంది.

అంత చేసినా, ఎమ్మెస్సీ లేదని మద్రాసు విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరేటు ఇయ్యలేదు. ఇది దాచొద్దు. 1948లో పూనాలో వాతావరణ శాఖలో చేరింది. పరికరాలు బయటి దేశాల నుంచి తెప్పించుకునే కాలం. సుమారు 100 పరికరాలకు నమూనా పటాలు గీయించి, ఇక్కడే చేయించే దారి వేసింది. తర్వాత దేశంలో ఎక్కడ ఎండ ఎంత, గాలి ఎంత అని లెక్కలు కట్టి పుస్తకాలు తెచ్చింది. ఈసారి కర్నూలు పోయినప్పుడు గని, శకునాల దగ్గర పరిచిన సోలార్ పలకలు చూపించు. ఇటు వస్తే రామగిరి కొండల మీద గాలిమరలు చూపించు. అట్లాంటివి పెట్టాలంటే ముందు ఏమేం కొలవాలో పాపనే చెప్పమను.

ఇంకొకటి నీ బీరువాలోనే ఉండొచ్చు. పాప పుట్టినప్పటి ఆసుపత్రి కాగితం తీసి, 'అప్గార్' అని ఉందేమో చూడు. పక్కన 8, 9 అని అంకె ఉంటుంది. గుండె, ఊపిరి, ఒంటి రంగు, కండల బిగువు, తాకితే ఉలికిపాటు, ఈ అయిదింటికి తలా 2 మార్కుల దాకా. పుట్టిన 1 నిమిషానికి ఒకసారి, 5 నిమిషాలకు ఒకసారి వేస్తారు. వర్జీనియా అప్గార్ అనే అమెరికా మత్తుమందు ఇచ్చే డాక్టరమ్మ 1952లో కట్టిన లెక్క ఇది. పాప జీవితంలో మొదటి మార్కులు అవే! కాగితంలో లేకపోతే బొమ్మకు వేయించు.

మనోళ్లా? అయ్యలసోమయాజుల లలిత తెలుగింటి ఆడపడుచే. 18 ఏండ్లకు భర్త పోయినాడు, ఒళ్లో 4 నెలల బిడ్డ. మద్రాసు గిండీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివింది. పట్టా మీద 'అతడు' అనే అచ్చయి ఉంటే కొట్టేసి చేత్తో 'ఆమె' అని దిద్దినారట. వచ్చే ఏడు వేషం వేయాల్సి వస్తే గౌను కుట్టించొద్దు, నీ చీరే కట్టి, చేతికి ఆ కొట్టివేత ఉన్న కాగితం ఇయ్యి.

ప్రొద్దుటూరు నుంచి ఒక తండ్రి: మావాడికి 9 ఏండ్లు. అక్కకు ఇట్లాంటివి చెప్తుంటే 'ఇవి ఆడపిల్లల కథలు' అని లేచిపోతాడు.

జవాబు: నాయనా, మీ ఇంటి నుంచి ఎవరో ఒకరు రాయవేలూరు (వెల్లూరు) సి.ఎం.సి. ఆసుపత్రికి పోయే ఉంటారు, అక్కడి నుంచి ఎత్తుకోండి. ఆ ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడర్ మిషనరీ కుటుంబంలో 1870లో ఆ పక్కనే రాణిపేటలో పుట్టింది. ఒక రాత్రి ముగ్గురు మొగుళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, నొప్పులు పడుతున్న భార్య దగ్గరికి రమ్మని ఆమెను అడిగినారు. నాకు వైద్యం రాదు, మా నాయన డాక్టరు, ఆయన్ను తీసుకపోండి అంటే, మగడాక్టరు వద్దని వెనక్కి పోయినారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడోళ్లూ చచ్చిపోయినారు. ఐడా అమెరికా పోయి వైద్యం చదివి తిరిగొచ్చింది, 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల తెరిచింది.

అక్కడ మగపిల్లలకు సీటిచ్చింది 1947లో. ఈ ముక్క మీవాడితో అనండి, 'అంతవరకూ మాకెందుకు ఇయ్యలేదు?' అని తగవుకొస్తాడు. వచ్చినాక ఆ ముగ్గురు మొగుళ్ల సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పండి. ఏమన్నాడో నాకు రాయండి.