గ్రూపులో వచ్చింది, నిజమేనా?

ప్రశ్న: బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే చాలు, ‘సూపర్ సైక్లోన్ 200 కిలోమీటర్ల వేగంతో విశాఖను తాకబోతోంది’ అంటూ మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మ్యాపులు మొదలవుతాయి. యాప్‌లోనూ ఎర్రటి సుడి కనిపిస్తుంది. వాతావరణ శాఖ మాత్రం అంత చెప్పదు. ఎవర్ని నమ్మాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: ఆ మెసేజ్‌లోనే తేడా దొరుకుతోంది. వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం గంటకు 62–88 కి.మీ. అయితే తుపాను, 89–117 అయితే తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్రం. 222 చేరితే తప్ప సూపర్ సైక్లోన్ అనరు. 2014 అక్టోబరు 12న నగరాన్ని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ కూడా సూపర్ సైక్లోన్ కాదు.

యాప్‌లోని సుడి ఒక కంప్యూటర్ మోడల్ వేసిన అంచనా, అంతే. విండీ లాంటి యాప్‌లో మోడల్ మార్చుకోవచ్చు. యూరప్ మోడల్, అమెరికా మోడల్ జీఎఫ్ఎస్ రెండూ పెట్టి చూడండి. ఒకటి సుడిని ఒడిశాకు, మరొకటి నెల్లూరుకు పంపుతుంటే ఇంకా ఏదీ తేలలేదన్నమాట. పది రోజుల ముందే స్క్రీన్‌షాట్ తీసి పంచేవాళ్లు, సాయంత్రానికి అదే యాప్‌లో సుడి మాయమైతే ఆ కబురు మాత్రం పంపరు!

అంకెల దగ్గర ఇంకో చిక్కుంది. మన శాఖ 3 నిమిషాల సగటు గాలి వేగం చెబుతుంది. అమెరికా సైన్యపు తుపాను కేంద్రం 1 నిమిషం సగటు తీస్తుంది కాబట్టి అదే తుపానుకు దాని అంకె కాస్త ఎక్కువే ఉంటుంది. పైగా అది నాట్లలో ఉంటుంది; ఒక నాట్ అంటే గంటకు 1.85 కి.మీ. రెండు సైట్ల అంకెలు కలవనంత మాత్రాన ఒకటి దొంగది కానక్కర్లేదు.

మీరు చూడాల్సింది వాతావరణ శాఖ బులెటిన్. దానికి నంబరూ, జారీ చేసిన సమయమూ ఉంటాయి. తుపానుగా మారాక మూడు గంటలకోసారి కొత్తది వస్తుంది, నిన్నటిది ఇవాళ పనికిరాదు. సమయం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకే ప్రామాణిక సమయం) ఉంటే అయిదున్నర గంటలు కలపండి: 0300 యూటీసీ అంటే మనకు ఉదయం 8.30. ఓడరేవు హెచ్చరికలు 11వ నంబరుతో సరి. 12వది ఎగరేశారని ఎవరైనా పంపితే చదవకుండానే తీసేయొచ్చు.

ప్రశ్న: ఆర్కే బీచ్‌ది అంటూ వచ్చే వీడియో పాతదో, వేరే ఊరిదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: వీడియో ఆపి, స్పష్టంగా ఉన్న చోట స్క్రీన్‌షాట్ తీయండి. పైన అతికించిన అక్షరాలు, చానల్ లోగో కత్తిరించాకే గూగుల్ లెన్స్‌లో వెతకండి. లేకపోతే అది బొమ్మను వదిలి ఆ అక్షరాల వెంట పడుతుంది. బొమ్మలు వెతికే సైటు టిన్‌ఐలో ‘పాతవి ముందు’ అని అమర్చుకోవచ్చు. ఏమీ దొరక్కపోతే నిజమని కాదు, బొమ్మను కుడి ఎడమలు తిప్పి పెట్టి ఉండొచ్చు. మీరూ తిప్పి మళ్లీ వెతకండి.

తర్వాత కళ్లతో చూడండి. సూర్యుడు సముద్రంలోకి దిగుతుంటే అది ఆర్కే బీచ్ కాదు, మన సముద్రం తూర్పున ఉంది. హుద్‌హుద్ నాటిదన్న వీడియోలో ఏపీ 39 బండి కనబడితే అదీ అబద్ధమే. ఆ సిరీస్ 2019లో వచ్చింది.

ప్రశ్న: స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగాలన్న సైటు పేరులో ‘గవ్’ ఉంది, తాళం గుర్తూ ఉంది. 1,500 రూపాయల ఫీజు కట్టమంటున్నారు. కట్టొచ్చా?
– ఒక నిరుద్యోగి, గాజువాక

జవాబు: కట్టకండి. తాళం గుర్తు మీ ఫోనుకూ ఆ సైటుకూ మధ్య సమాచారం భద్రమని మాత్రమే చెబుతుంది. అవతల ఉన్నది దొంగో దొరో చెప్పదు. అడ్రసులో ‘https://’ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి వెనక్కి చదవండి. ‘గవ్ డాట్ ఇన్’ సరిగ్గా ఆ గీతకు ముందుంటేనే ప్రభుత్వానిది. మధ్యలో ఇరికించినా, చుక్క బదులు అడ్డగీత పెట్టినా కాదు. అలాగని గవ్ డాట్ ఇన్ లేనివన్నీ నకిలీలనుకోవద్దు: విశాఖ ఉక్కు సొంత సైటు ‘వైజాగ్‌స్టీల్ డాట్ కామ్’. నోటిఫికేషన్ అక్కడ ఉందేమో మీరే టైపు చేసుకుని చూడండి, పంపిన లింకు నొక్కకండి. సైట్ల నమోదు వివరాలు చూపే ‘హూఈజ్’లో సైటు నమోదైన తేదీ దొరుకుతుంది. అది పోయిన నెలదైతే ఇక చూడక్కర్లేదు.

ఇప్పటికే కట్టేసి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. డబ్బు వేరే ఖాతాలకు మారకముందే ఆపించే వీలుంటుంది. యూపీఐ లావాదేవీ 12 అంకెల నంబరు, సమయం దగ్గర పెట్టుకోండి.