బర్న్ అన్నారని నిప్పు కోసం వెతక్కు

అమ్మలూ,

నీకు వీసా వచ్చిందని మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. స్వెటర్లు ఎన్ని కొనుక్కోవాలో, పచ్చళ్లు ఎలా ప్యాక్ చేయాలో చెప్పడానికి బోలెడుమంది ఉన్నారు. స్కాట్లండ్‌లో పదకొండేళ్లు నర్సుగా చేసిన పెద్దమ్మగా నేను ఒక్క ఇంగ్లీషు మాట గురించే రాస్తాను. బర్న్. దాని దగ్గర నేను పడ్డన్ని తిప్పలు మందుల పేర్ల దగ్గర కూడా పడలేదు.

వెళ్లిన మొదటి చలికాలం. ఎమర్జెన్సీలో డ్యూటీ. ఓ పెద్దాయన్ని కొడుకు తీసుకొచ్చి "డాడ్ ఫెల్ ఇన్ ద బర్న్" అన్నాడు. గుంటూరులో కాలిన కేసులు చూసి చూసి వెళ్లినదాన్ని కదా, డ్రెస్సింగ్ ట్రాలీ లాక్కుంటూ పరిగెత్తాను. తీరా చూస్తే ఆయన నిలువునా తడిసిపోయి ఉన్నాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. బూట్లలోంచి కారిన నీళ్లు నేల మీద మడుగు కట్టాయి. నేను ట్రాలీని, ఆయన్ని మార్చి మార్చి చూస్తుంటే పక్క సిస్టర్ నవ్వాపుకుంటూ దుప్పట్లు తెచ్చింది. అక్కడ బర్న్ అంటే వాగు! 1314లో స్కాట్లు ఇంగ్లండ్ సైన్యాన్ని ఓడించిన బానక్‌బర్న్ పేరులో ఉన్నదీ ఈ వాగే. వాగు బర్న్, కాలే బర్న్ పాత ఇంగ్లీషులో వేరు వేరు మాటలు, ఇప్పుడు పలకడం ఒకటైపోయింది. కాబట్టి ఎవరైనా బర్న్ అనగానే ముందు మనిషిని చూడు, తర్వాతే ట్రాలీ.

ఇక అసలు కాలడం సంగతి. మనకు కాలడం వేరు, కాల్చడం వేరు. మాడడం, మాడ్చడం కూడా అంతే. దానంతట అదే జరిగిందా, ఎవరైనా చేశారా అన్నది క్రియలోనే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో రెండింటికీ బర్న్ ఒక్కటే. "హీ బర్న్ట్ హిజ్ హ్యాండ్" అని రాసి ఉంటే కావాలని కాల్చుకున్నాడని అనుమానపడకు, పొరపాటున కాలినా అలాగే అంటారు. మనవాళ్లు "మై హ్యాండ్ బర్న్ట్" అంటారు, అది వాళ్ల చెవికి వింతగా ఉంటుంది. అన్నట్టు, మన బ్రహ్మచారులు చేతులు కాల్చుకుంటే అన్నం ఉడుకుతుంది. ఇంగ్లీషులో వేళ్లు కాల్చుకున్నారంటే మాత్రం డబ్బు పోయినట్టే.

వేడి నీళ్లు, టీ, ఆవిరి తగిలి కాలితే చార్టులో స్కాల్డ్ అని రాయాలి. మనకు అదీ కాలడమే కాబట్టి చెయ్యి అలవాటుగా బర్న్ అని రాసేస్తుంది. ఏదైనా సరే, ముందు చల్లటి కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. ఐసు వద్దు. మన ఇళ్లలో పూసే ఇంకు, టూత్‌పేస్టు ఆలోచనే రానీకు. ఇంకో మాట. బాగా కాలి కూడా మంట లేదంటున్నారంటే సంతోషించకు. లోతుగా కాలితే నరాలే పోతాయి, నొప్పి తెలియదు.

మన మంట అనే మాటతో అంతకంటే పెద్ద చిక్కు. కళ్లు మండినా, దెబ్బ మీద స్పిరిట్ పడి చుర్రుమన్నా మనకు మంటే. అక్కడ వీటికి ఎక్కువగా స్టింగ్ అంటారు. గుండెల్లో మంటను హార్ట్‌బర్న్ అంటారు. పేరులో గుండె ఉన్నా అది పొట్టలోని ఆసిడ్ పైకి తన్నడం. కానీ పేషెంట్ హార్ట్‌బర్న్ అన్నాడు కదా అని యాంటాసిడ్ ఇచ్చి ఊరుకోకు. గుండెపోటు కూడా కొందరికి అలాగే అనిపిస్తుంది. చెమటలు పడుతున్నాయా, నొప్పి దవడకో చేతికో పాకుతోందా అని అడిగి, డాక్టరుకు చెప్పు. ఎవరి మీదైనా ఒళ్లు మండితే మాత్రం దాన్ని ఇంగ్లీషులోకి మార్చకు, థర్మామీటరు తెస్తారు.

నేనూ ఒకసారి అలాంటి పనే చేశాను. డ్యూటీ మారేటప్పుడు ఒక ముసలావిడ గురించి మాట్లాడుకుంటుంటే ఆవిడ నడుచుకుంటూ వచ్చి, "మై ఇయర్స్ ఆర్ బర్నింగ్" అంది. చెవి చూసే టార్చ్ తీశాను. ఆవిడ పకపకా నవ్వింది. తన గురించి ఎవరో మాట్లాడుకుంటున్నారని అర్థమట. మనకు పొలమారితే ఎవరో తలుచుకున్నారంటాం చూడు, అలాంటిదే.

మొదటి ఆరు నెలలు వరసగా నైట్లు ఒప్పుకోకు. బర్న్‌అవుట్, అంటే పని ఒత్తిడితో పూర్తిగా డీలాపడిపోవడం, ఏమిటో నాకు అనుభవమే, అది కలిసినప్పుడు చెబుతాను.

జనవరి 25న అక్కడ బర్న్స్ నైట్ చేస్తారు. ఆ పేరు చూసి ఇదేం ముహూర్తమని కంగారుపడకు. 1759లో అదే రోజున పుట్టిన కవి రాబర్ట్ బర్న్స్ పేరు మీద విందు. హ్యాగిస్ అని పెడతారు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు ఓట్స్‌తో కలిపి వండుతారు. బోటి కూర తినే పిల్లవి, నీకు భయమేంటి? కాకపోతే కారం ఉండదు, మిరియాల పొడి తీసుకెళ్లు. తిన్నాక ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ