టెక్ సందేహాలు: ఏడాది పాటు దేశాలు తిరగడానికి ఏ ఫోన్ కొనాలి?

ప్రశ్న: ఏడాది పాటు యూరప్, దక్షిణ అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా తిరిగి రావాలని అనుకుంటున్నాం. మధ్యలో ఫోన్ మార్చే ఉద్దేశం లేదు. కెమెరా మాత్రం బాగుండాలి. ఏ మోడల్ తీసుకోమంటారు?

జవాబు: దయచేసి కెమెరాతో మొదలుపెట్టకండి. ఇప్పుడు మధ్యశ్రేణి ఫోన్లలోనూ కెమెరాలు బాగానే ఉంటున్నాయి. దేశాలు మారేవాళ్లకు ఇబ్బంది ఎక్కువగా సిగ్నల్ దగ్గరే వస్తుంది. అందుకే ముందు మోడల్ నంబర్ చూడండి.

ఒకే పేరుతో అమ్మే ఫోన్ లోపల ఒక్కో ప్రాంతానికి ఒక్కో రకంగా ఉంటుంది. గెలాక్సీ ఎస్24నే తీసుకోండి. అంతర్జాతీయ మోడల్ ఎస్ఎం-ఎస్921బి, అమెరికాది ఎస్ఎం-ఎస్921యూ, కొరియాది ఎస్ఎం-ఎస్921ఎన్. ఆండ్రాయిడ్‌లో ఈ నంబర్ సెట్టింగ్స్‌లోని 'అబౌట్ ఫోన్'లో కనిపిస్తుంది. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి 'మోడల్ నంబర్' మీద ఒకసారి నొక్కాలి. అప్పుడు 'ఏ' అక్షరంతో మొదలయ్యే నంబర్ వస్తుంది. దాన్ని తయారీ సంస్థ సైట్‌లోని స్పెసిఫికేషన్ పేజీలో వెతికితే ఆ ఫోన్‌లో ఉన్న 4జీ, 5జీ బ్యాండ్లన్నీ (సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీ శ్రేణులు) దొరుకుతాయి.

మీరు చెప్పిన దేశాలకు కావాల్సిన 4జీ బ్యాండ్ల నంబర్లు ఇవి. యూరప్‌కు 3, 7, 20. దక్షిణ అమెరికాకు 2, 4, 7, 28. ఆస్ట్రేలియాకు 3, 28. జపాన్‌లో 1, 3 ఎలాగూ కావాలి, వాటితో పాటు కంపెనీని బట్టి 8, 18, 19 ఉండాలి. మధ్యలో అమెరికా కూడా ఉంటే 12, 13, 66, 71 చూడండి. 5జీకి ఎన్78 ఉంటే చాలా దేశాల్లో నడుస్తుంది. ఈ పట్టికలో 20, 28 నంబర్ల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. బ్యాండ్ 20 అంటే 800 మెగాహెర్ట్జ్, 28 అంటే 700. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు దూరం పోతాయి, గోడలు దాటి గదుల్లోకి వస్తాయి. ఇవి లేని ఫోన్ నగరం నడిబొడ్డున బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఊరు దాటి హైవే ఎక్కగానే 'నో సర్వీస్' చూపిస్తుంది. ఫోన్ పాడైందనుకుని రీసెట్ చేసేవాళ్లున్నారు, దానివల్ల ప్రయోజనమేమీ ఉండదు.

రెండోది వోల్టే, అంటే 4జీ మీద కాల్స్ మాట్లాడే సదుపాయం. అమెరికాలో పెద్ద కంపెనీలు 2022లోనే 3జీని ఆపేశాయి. ఆస్ట్రేలియాలో 2024లో ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ వోల్టే కుదరని ఫోన్‌లో డేటా వచ్చినా కాల్ పోదు. ఆస్ట్రేలియాలో అయితే ఎమర్జెన్సీ నంబర్ 000కు 4జీ మీద కాల్ చేయలేని ఫోన్‌ను నెట్‌వర్కే అడ్డుకుంటుంది. సెట్టింగ్స్‌లో వోల్టే బటన్ కనిపించినంత మాత్రాన సరిపోదు. ఆ దేశపు కంపెనీ ఆ మోడల్‌ను ఒప్పుకోవాలి. డయలర్‌లో *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబర్‌తో (ప్రతి ఫోన్‌కూ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఆయా కంపెనీల సైట్లలో ముందే సరిచూసుకోవచ్చు. గూగుల్ పిక్సెల్ ఫోన్లు మంచివే, కానీ అధికారికంగా అమ్మని దేశాల్లో వాటికి వోల్టే, 5జీ రాకపోవడం మామూలే. మీ జాబితాలో అలాంటి దేశాలు ఎక్కువగా ఉంటే పిక్సెల్ వద్దనే చెబుతాను.

మూడోది, ఫోన్‌లో నానో సిమ్ స్లాట్, ఈ-సిమ్ (ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్‌లోనే ఉండే డిజిటల్ సిమ్) రెండూ ఉండాలి. అమెరికాలో అమ్మే ఐఫోన్‌కు 14 నుంచి సిమ్ స్లాటే లేదు. 17 నుంచి మరికొన్ని దేశాల్లోనూ తీసేశారు. ఈ-సిమ్‌తోనే సరిపెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఫోన్ పగిలినప్పుడు ప్లాస్టిక్ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే నిమిషంలో నంబర్ బతుకుతుంది. ఈ-సిమ్ మార్చాలంటే కంపెనీ సాయం కావాలి, తరచూ పాత నంబర్‌కు వచ్చే ఓటీపీ కూడా అడుగుతారు. ఆ నంబర్ పగిలిన ఫోన్‌లోనే ఉంటుంది.

ఫోన్ క్యారియర్ లాక్‌లో లేదని, అంటే ఒకే కంపెనీ సిమ్‌కు కట్టేసి లేదని కూడా నిర్ధారించుకోండి. ఐఫోన్‌లో అదే అబౌట్ పేజీలో 'క్యారియర్ లాక్' ఎదురుగా 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉండాలి. కొత్త శాంసంగ్ ఫోన్‌కు ఇంకో మెలిక ఉంది. అన్‌లాక్డ్ ఫోన్ అయినా, కొన్న ప్రాంతపు సిమ్‌తో మొత్తం 5 నిమిషాలకు పైగా కాల్స్ మాట్లాడాకే వేరే ప్రాంతపు సిమ్‌లను తీసుకునే మోడళ్లున్నాయి. పెట్టె సీల్ మీద ఈ సంగతి ముద్రించి ఉంటుంది. కొత్త ఫోన్ సీల్ విప్పకుండా తీసుకెళ్లి విమానం దిగాక తెరిస్తే ఇరుక్కుంటారు. బయల్దేరే ముందే పది నిమిషాలు ఎవరితోనైనా మాట్లాడేయండి.

వీటన్నిటికీ సరిపోయేవి రెండు. సిమ్ స్లాట్ ఉన్న అంతర్జాతీయ మోడల్ ఐఫోన్ ఒకటి, గెలాక్సీ ఎస్24 లేదా ఆ తర్వాతి ఎస్ సిరీస్ ఫోన్ రెండోది. ఎస్24కు ఏడేళ్ల అప్‌డేట్ల హామీ ఉంది. అది 2024లో వచ్చింది కాబట్టి కొంత పాతబడిన ఫోన్ కొన్నా నష్టం లేదు. ఖర్చు తగ్గించుకోవాలంటే ఆరేళ్ల అప్‌డేట్లున్న గెలాక్సీ ఏ56 చూడొచ్చు. అయితే మీ మోడల్‌కు ఈ-సిమ్ ఉందో లేదో చూసుకుని కొనండి. ఈ రెండు కంపెనీలనే చెప్పడానికి కారణం రిపేరు. బాగా అమ్ముడుపోయే మోడల్ అయితే స్క్రీన్ పగిలినా స్పేర్ పార్ట్ ఏ దేశంలోనైనా త్వరగా దొరుకుతుంది. జపాన్‌లో ఎక్కువ రోజులుంటే ఐఫోన్‌కు మొగ్గు చూపండి. అక్కడి రైళ్లు, బస్సుల్లో వాడే సుయికా కార్డుకు కావాల్సిన ఫెలికా (తాకించి చెల్లించే టెక్నాలజీ) సదుపాయం ఐఫోన్ 8 నుంచి ఎక్కడ కొన్నా ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో దాదాపు జపాన్ మోడళ్లకే పరిమితం. స్టోరేజ్ 256 జీబీ కంటే తగ్గకుండా చూసుకోండి.

ప్రశ్న: బ్యాంకు ఓటీపీలు పాత నంబర్‌కే రావాలి. డేటా మాత్రం ఎక్కడికక్కడ ఈ-సిమ్‌తో వాడాలి. సెట్టింగ్స్ ఎలా పెట్టుకోవాలి?

జవాబు: పాత నంబర్ ప్లాస్టిక్ సిమ్‌లోనే ఉంచి, స్లాట్‌లో వేయండి. ఆ లైన్‌కు డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. మొబైల్ డేటాకు ఈ-సిమ్‌ను ఎంచుకుని, 'డేటా స్విచింగ్' అనే ఆప్షన్‌ను కూడా ఆఫ్ చేయండి. దాన్ని మరిస్తే ఈ-సిమ్ సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ దానంతటదే పాత సిమ్ మీద డేటా వాడేసే ప్రమాదం ఉంది. ఆ లైన్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ బయల్దేరే ముందే యాక్టివేట్ చేయించండి, ఎస్ఎంఎస్‌లు రావడానికి అది కావాలి. ##002# డయల్ చేసి కాల్ ఫార్వర్డింగ్ అంతా తీసేయండి. లేదంటే మీరు ఎత్తని కాల్ వాయిస్‌మెయిల్‌కు మళ్లి రోమింగ్ చార్జీ పడే అవకాశం ఉంది. ప్రీపెయిడ్ అయితే తిరిగొచ్చేదాకా వ్యాలిడిటీ నిలబెట్టుకోవాలి. గడువు దాటిన నంబర్‌ను కంపెనీ వేరేవాళ్లకు ఇచ్చేయవచ్చు.

ట్రావెల్ ఈ-సిమ్ పనిచేయడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో తరచూ కనిపించే కారణం ఒకటుంది. ఇలాంటి ఈ-సిమ్‌లు చాలావరకు వేరే దేశపు కంపెనీవి, అంటే అవే రోమింగ్‌లో నడుస్తాయి. కాబట్టి ఈ-సిమ్ లైన్‌కు డేటా రోమింగ్ ఆన్‌లో ఉండాలి, పాత సిమ్‌కు ఆఫ్‌లో ఉండాలి. చార్జీల భయంతో రెండింటికీ ఆపేస్తే సిగ్నల్ గీతలన్నీ కనిపిస్తాయి, నెట్ మాత్రం రాదు. అప్పటికీ రాకపోతే ఏపీఎన్ (ఫోన్‌ను నెట్‌కు కలిపే సెట్టింగ్) సరిచూడండి, లైన్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఈ-సిమ్‌ను మాత్రం డిలీట్ చేయకండి. క్యూఆర్ కోడ్ చాలావరకు ఒక్కసారికే పనిచేస్తుంది, రెండోసారి స్కాన్ చేస్తే తీసుకోదు.

ప్లాస్టిక్ సిమ్‌కు ఒక బలహీనత ఉంది. దొంగ దాన్ని తీసి వేరే ఫోన్‌లో వేసుకుంటే ఓటీపీలు అక్కడికి పోతాయి. అందుకే సిమ్ పిన్ తప్పక పెట్టండి. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే (లాకైన సిమ్‌ను తెరిచే కోడ్) అడుగుతుంది. పీయూకే పదిసార్లు తప్పితే సిమ్ శాశ్వతంగా పోతుంది కాబట్టి ఆ కోడ్‌ను ముందే కాగితం మీద రాసుకోండి. వీలున్న ఖాతాలన్నిటినీ ఎస్ఎంఎస్ ఓటీపీ నుంచి, కోడ్లను ఫోన్‌లోనే తయారుచేసే అథెంటికేటర్ యాప్‌కు మార్చేయండి. దానికి సిగ్నల్ అక్కర్లేదు, ఫోన్ గడియారం సరిగ్గా ఉంటే చాలు. బ్యాకప్ కోడ్లు కూడా కాగితం మీద ఉండాలి. ఇంట్లో పాత ఫోన్ ఉంటే లాగిన్లు చేసి వేరే బ్యాగులో పెట్టుకోండి.

ప్రశ్న: టర్కీలో ఆరు నెలలుండాలి. అక్కడ బయటి ఫోన్లు బ్లాక్ చేస్తారట, నిజమేనా?

జవాబు: నిజమే. బయట కొన్న ఫోన్‌లో అక్కడి సిమ్ వేస్తే 120 రోజుల తర్వాత ఆ ఐఎంఈఐకి నెట్‌వర్క్ ఆగిపోతుంది. తర్వాత వాడాలంటే రుసుము కట్టి నమోదు చేయించాలి, ఆ రుసుము చాలా ఎక్కువ. వైఫై మాత్రం పనిచేస్తుంది. ఆరు నెలలంటే లోకల్ సిమ్ కోసం అక్కడే ఒక చవక ఫోన్ కొని దాని హాట్‌స్పాట్ వాడుకోవడం మేలు. ఇండోనేషియా, పాకిస్థాన్, చిలీలలోనూ ఐఎంఈఐ నమోదు నియమాలున్నాయి. నెలల తరబడి ఉండేవాళ్లు లోకల్ సిమ్ కొనేముందే కనుక్కోవాలి.

ప్రశ్న: 30,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌ను విమానంలోకి రానిస్తారా?

జవాబు: పరిమితిని వాట్-అవర్లలో లెక్కిస్తారు. ఎంఏహెచ్‌ను 1000తో భాగించి 3.7తో గుణించండి. మీదానికి 111 వస్తుంది. 100 దాటితే ఎయిర్‌లైన్ అనుమతి తీసుకోవాలి. 20,000 ఎంఏహెచ్ అయితే 74 వాట్-అవర్లే, అదే తీసుకోండి. పవర్ బ్యాంక్ చెకిన్ లగేజీలో పెట్టకూడదు, మీతో పాటు క్యాబిన్‌లోనే ఉండాలి. దాని మీద సామర్థ్యం అంకె చెరిగిపోతే సెక్యూరిటీ దగ్గర ఆపేయవచ్చు. చైనా దేశీయ విమానాల్లో 2025 జూన్ 28 నుంచి 3సీ ముద్ర (చైనా భద్రతా ధ్రువీకరణ) లేని పవర్ బ్యాంకులను అనుమతించడం లేదు.

చార్జర్ మీద '100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్' అని ఉందో లేదో కూడా చూసుకోండి. ప్లగ్ అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజీని మార్చదు. ఫోన్ చార్జర్లు దాదాపు అన్నీ ఈ పరిధిలోనే ఉంటాయి. ట్రిమ్మర్, హెయిర్ డ్రయర్ లాంటివి అదే అడాప్టర్‌కు పెట్టేముందు వాటి మీద ఉన్న అంకెలు విడిగా చదవండి.