గుసగుసల క్రిస్పిన్ ప్రసంగం

ప్రశ్న: మాస్టారూ, షేక్‌స్పియర్ చారిత్రక నాటకాలతో బీబీసీ తీసిన ‘ది హాలో క్రౌన్’లో ‘ఐదవ హెన్రీ’ చూశాను. ఫ్రెంచివాళ్లతో అజిన్‌కోర్ట్ యుద్ధానికి ముందు రాజు హెన్రీ తన సైన్యానికి ధైర్యం నూరిపోసే సెయింట్ క్రిస్పిన్ ప్రసంగం కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తే, టామ్ హిడిల్‌స్టన్ నలుగురిని దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పేసి ఊరుకున్నాడు. నాలాంటి అభిమానులు చాలామంది ఉసూరుమన్నారు. మా అబ్బాయేమో అదే సహజం అంటాడు. ఎవరిది కరెక్ట్?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, తల్లీకొడుకుల మధ్య తగువు పెట్టడం నాకిష్టం లేదు. కానీ ఈ విషయంలో నా ఓటు మీకే.

మీవాడి వాదన తీసిపారేయదగ్గది కాదు. కెమెరా ముఖానికి జానెడు దూరంలో ఉన్నప్పుడు నటుడు గొంతు చించుకోనక్కర్లేదు. పైగా 2012లో ఈ చిత్రం తీసిన థియా షారక్, కథనే రాజుగారి అంత్యక్రియలతో మొదలుపెట్టింది. హెన్రీ 1422లో, 35 ఏళ్లకే పోయాడు. ఆ చావు ముందే చూశాక ప్రసంగం కాస్త దిగులుగా వినపడటంలో ఒక లెక్క ఉంది. మన పద్యనాటకాల్లో రాగం తీసి ‘వన్స్ మోర్’ కొట్టించుకునే అలవాటు బళ్లారి రాఘవగారికి నచ్చేది కాదు. ఆయన ఉంటే మీవాడి పక్కన కూర్చునేవారేమో!

ఇక నాటకం ఏమంటోందో చూడండి. 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకాల సంపుటి ‘ఫోలియో’లో ఈ రంగం మొదట్లో ఎవరెవరు వస్తారో రాసి ఉంది. గ్లోస్టర్, బెడ్‌ఫర్డ్, ఎక్సెటర్, ఎర్పింగమ్... వాళ్లతో పాటు ‘సైన్యమంతా’. అంటే రాజు మాట్లాడుతున్నది దండు మొత్తం ముందు. ప్రసంగంలోని మాటలూ ఆ దండుకు సరిపోయేవే. యుద్ధం చేసే గుండె లేనివాడు వెళ్లిపోవచ్చు, అనుమతి పత్రం ఇస్తాం, దారి ఖర్చులు జేబులో వేస్తాం అంటాడు. దారి ఖర్చులు ఎవరికి కావాలి? డ్యూకులకా? నాతో పాటు నెత్తురు చిందించినవాడు ఎంత తక్కువ పుట్టుక వాడైనా ఈ రోజు నుంచి నా తమ్ముడే అంటాడు. నాటకం ప్రకారం ఆ పక్కనే నిలబడ్డ గ్లోస్టర్, బెడ్‌ఫర్డ్ ఇద్దరూ ఆయనకు సొంత తమ్ముళ్లు! వాళ్లకు కొత్తగా తమ్ముడి వరస కలిపితే ఏం ఒరుగుతుంది? ఆ మాట చేరాల్సింది వెనక వరసలో, ఆకలితో, తడిసిన బట్టలతో విల్లు పట్టుకుని నిలబడ్డవాడికి.

నేను బీఏ క్లాసులో ఈ పాఠం చెప్పేటప్పుడు డయాస్ దిగి బెంచీల మధ్యకు వెళ్లేవాణ్ణి. ముందు బెంచీకి మాత్రమే వినపడేలా చదివితే వెనకవాడు కిటికీలోంచి సైకిల్ స్టాండు చూసుకుంటూ కూర్చుంటాడు. ఒకసారి ‘ఇష్టం లేనివాడు పోవచ్చు’ అన్న చోట ఒక కుర్రాడు లేచి, ‘దారి ఖర్చులు మీరే ఇస్తారా సార్?’ అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ ప్రసంగం వాడికి చేరిందన్నమాట.

1944లో లారెన్స్ ఒలీవియర్ దీన్ని ఎలా చేశాడో వీలైతే చూడండి. గొంతు పెరిగేకొద్దీ కెమెరా దగ్గరికి రాదు, వెనక్కి పోతుంది. చుట్టూ జనం పెరుగుతూ కనిపిస్తారు. అలాగని ఆ సినిమాను నెత్తిన పెట్టుకోమనడం లేదు. అది రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా తీసింది, బ్రిటిష్ కమాండోలకు, గగనతల సైనికులకు అంకితమిచ్చింది. అందుకే రాజుకు మచ్చ తెచ్చేవన్నీ కత్తిరించేశారు. సౌతాంప్టన్‌లో ద్రోహులకు మరణశిక్ష వేసే ఘట్టం లేదు. లొంగకపోతే మీ పసిపిల్లల్ని ఈటెలకు గుచ్చుతామని ఫ్రాన్స్‌లోని హార్‌ఫ్లూర్ ఊరివాళ్లను బెదిరించే మాటలు లేవు. ఖైదీలను చంపమన్న ఆజ్ఞ అసలే లేదు. ఆ ప్రసంగానికి చప్పట్లు కొట్టే అభిమానులు, సగం రాజునే చూశామని మర్చిపోతారు.

ప్రశ్న: అదే సిరీస్‌లో ‘రెండవ రిచర్డ్’ చూసి నా బుర్ర తిరిగింది. రిచర్డ్‌ని చంపేది ఎక్స్‌టన్ కదా! ఆమెర్ల్ చేతికి విల్లు ఎందుకిచ్చారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: నాటకంలో ఎక్స్‌టనే, మీరన్నది నిజం. చరిత్రను అడిగితే ఇద్దరూ కాదనే చెబుతుంది. 1400లో పాంటిఫ్రాక్ట్ కోటలో రిచర్డ్ తిండి లేక పోయాడన్నదే ఎక్కువమంది నమ్మే మాట.

దర్శకుడు రూపర్ట్ గూల్డ్ చేసిన ఈ మార్పు నాకు నచ్చింది. ఎక్స్‌టన్ చివర్లో ఊడిపడే మనిషి, వాడు చంపితే మనకేమీ కాదు. ఆమెర్ల్ రిచర్డ్‌కు బాబాయి కొడుకు. ఫ్లింట్ కోట దగ్గర రిచర్డ్ ఓడిపోతుంటే కన్నీళ్లు పెట్టుకున్నవాడు. ఆ చేతులతోనే బాణం వేయిస్తే దెబ్బ మనకు తగులుతుంది. రిచర్డ్ వేషం వేసిన బెన్ విషా నటన సంగతి వేరే చెప్పాలా? బ్రిటన్‌వాళ్ల బాఫ్టా అవార్డు ఊరికే ఇవ్వలేదు.

నాకున్న బాధల్లా ఒకటే. ఈ ఆమెర్లే తర్వాత యార్క్ డ్యూక్ అవుతాడు. 1415 అజిన్‌కోర్ట్ యుద్ధంలో ముందు దళం నాకివ్వండని అడిగి మరీ చచ్చిపోయేది అతనే. ఆ ఉదయమే హెన్రీ, రిచర్డ్‌ని దించి కిరీటం లాక్కున్న మా నాన్న చేసిన పాపం ఈ రోజు తలుచుకోకు దేవుడా అని రిచర్డ్ పేరెత్తి ప్రార్థిస్తాడు. రిచర్డ్‌ని చంపినవాడు ఆ పక్కనే కత్తి కట్టుకుని తిరుగుతుంటే ఎలా ఉండేదో ఊహించండి! కానీ ‘ఐదవ హెన్రీ’కి దర్శకురాలు వేరు, యార్క్ వేషం వేసిన నటుడూ వేరు. చేతికి వచ్చిన ముడిని వేయకుండా వదిలేశారు.

ప్రశ్న: చరిత్రను ఇలా మార్చుకుంటూ పోతే అభిమానులకు కోపం రాదా మాస్టారూ?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: వస్తే ముందు షేక్‌స్పియర్ మీదే రావాలి నాయనా. ‘నాల్గవ హెన్రీ’లో తిరుగుబాటు వీరుడు హాట్‌స్పర్, తర్వాత ఐదవ హెన్రీ అయ్యే యువరాజు ఈడుజోడు కుర్రాళ్లలా తలపడతారు. నిజానికి హాట్‌స్పర్ 1364లో పుట్టాడు, యువరాజు 1386లో. హాట్‌స్పర్ యువరాజు తండ్రి కంటే కూడా పెద్ద! ఇందాక చెప్పిన తమ్ముడు బెడ్‌ఫర్డ్ కూడా అజిన్‌కోర్ట్‌కు వెళ్లలేదు, ఇంగ్లండ్‌లో పాలన చూసుకుంటూ ఉండిపోయాడు.

ప్రశ్న: మాకు ‘ఐదవ హెన్రీ’ సిలబస్‌లో ఉంది. సినిమా చూసి పరీక్ష రాయొచ్చా సార్?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఏ సినిమా చూసినా నాటకం నాలుగో అంకం ఆరు, ఏడు రంగాలు పక్కన పెట్టుకో అమ్మా. ఆరో రంగం చివర ఖైదీలను చంపమని రాజు ఆజ్ఞ ఇస్తాడు, ఫ్రెంచివాళ్లు మళ్లీ కూడుకుంటున్నారని. ఏడో రంగంలో రాజు సైన్యంలోని కెప్టెన్ గోవర్ మాత్రం, సామాన్లు కాసే కుర్రాళ్లను శత్రువులు చంపినందుకే రాజు అలా చేశాడంటాడు. కారణం ఎందుకు మారిందని పరీక్షలో అడిగితే సినిమా నిన్ను కాపాడదు. సినిమాయే చూస్తానంటే కెన్నెత్ బ్రానా 1989లో తీసింది చూడు. అందులోనూ ఆ ఆజ్ఞ లేదు గానీ, యుద్ధంలోని బురద ఉంది.