ఇంటిల్లిపాదీ ఓడ ప్రయాణం: మీరడిగారు, చెబుతున్నాం

గత సంచికలో విశాఖ క్రూయిజ్ టెర్మినల్ గురించి రాశాక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలొచ్చాయి. పిల్లల్నీ పెద్దవాళ్లనీ వెంటబెట్టుకుని ఓడెక్కొచ్చా అని ఇంచుమించు అందరూ అడిగారు. ఎక్కొచ్చు, హాయిగా. కాకపోతే ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి ఎవరో ముందు చూసుకుని, ఆ మనిషికి ఏ ఓడ కుదురుతుందో, ఏ రేవులో దిగడం కుదురుతుందో దాన్నిబట్టి ప్లాన్ చేసుకోండి.

ప్రశ్న: మేం ఆరుగురం. నేనూ మావారూ, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, అత్తగారు, మావగారు. వేసవి సెలవులకి సింగపూర్ నుంచి పినాంగ్, ఫుకెట్ వెళ్లొచ్చే క్రూయిజ్ ప్యాకేజీ ఒకటి మావారు చూశారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పెద్దవాళ్లిద్దరికీ పాస్‌పోర్టులు లేవు. "ఏటమ్మా, నీళ్ల మీద పడుకోడమేటి" అని ఆవిడ భయపడుతున్నారు కూడా. నేరుగా సింగపూర్ వెళ్లిపోవచ్చా, ముందు మన దేశంలోనే చూసుకోవాలా?
— ఒక టీచర్, శ్రీకాకుళం

జవాబు: మొదటిసారి మన దేశంలోనే వెళ్లండమ్మా, రెండు మూడు రాత్రులు చాలు. అత్తగారికి పడుతుందో లేదో ఆ రెండు రాత్రుల్లో తేలిపోతుంది. పడకపోయినా ఇల్లు దగ్గరే, డబ్బూ తక్కువే పోతుంది.

కార్డీలియా అనే క్రూయిజ్ కంపెనీ వాళ్ల 'ఎంప్రెస్' అనే ఓడ 2021 సెప్టెంబరు నుంచి ముంబై కేంద్రంగా గోవా, కొచ్చి, లక్షద్వీప్ వైపు తిరుగుతోంది. జూన్ వచ్చేసరికి నైరుతి రుతుపవనాలతో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కదా, ఆ రోజుల్లో అది మన తూర్పు తీరానికి వస్తుంటుంది. 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖ వచ్చింది, 2025లోనూ వచ్చింది. ఆ ట్రిప్పు మీకు దొరికితే అంతకంటే మంచిది లేదు, ఇంటి దగ్గర కారెక్కితే రెండు మూడు గంటల్లో పోర్టులో ఉంటారు. తేదీలు ఏటా మారతాయి కాబట్టి ముందే షెడ్యూలు చూసుకోండి, స్కూళ్లు తెరిచాక ఒకట్రెండు రోజులు సెలవు పెట్టాల్సి వచ్చినా ఫర్వాలేదనుకుంటాను. దేశం లోపలి రేవులకే వెళ్లే ఓడకి ఆధార్ లాంటి గుర్తింపు కార్డు సరిపోతుంది, అత్తగారి పాస్‌పోర్టు టెన్షన్ ఉండదు. శ్రీలంక తాకి వచ్చే ట్రిప్పయితే మాత్రం పాస్‌పోర్టు ఉండాల్సిందే.

ముంబై వైపే కుదిరితే గోవా తీసుకోండి, లక్షద్వీప్ మరోసారి చూద్దురు గాని. కారణం మోకాళ్లే. గోవాలో ఓడ మోర్ముగావ్ రేవులో గట్టుని ఆనుకుని ఆగుతుంది, మెట్ల వంతెన మీదుగా నెమ్మదిగా దిగిపోవచ్చు. లక్షద్వీప్‌లో అగట్టి దగ్గర పగడపు దిబ్బలు, లోతు తక్కువ, పెద్ద ఓడ ఒడ్డు దాకా రాలేదు. దూరంగా ఆగి చిన్న పడవల్లో జనాన్ని దింపుతారు. ఓడ పక్కన ఉండే తలుపు తీస్తారు, కింద పడవ లేస్తూ పడుతూ ఉంటుంది, అది పైకి లేచిన క్షణంలో సిబ్బంది రెండు చేతులూ పట్టుకుని దాటిస్తారు. బారువలోనో భావనపాడులోనో తెప్ప ఎక్కేటప్పుడు కెరటం కోసం ఎలా కాచుకుంటారో అలాగే. పాప ఎగిరి దూకేస్తుంది, అత్తగారికది నరకం. అలలు ఎక్కువైతే ఎవర్నీ దింపరు కూడా, ఓడలోంచే చూసి వచ్చేయాలి.

గోవాలో దిగాక కలంగూట్, బాగా బీచ్‌లంటూ ఉత్తరం వైపు పరిగెత్తకండి. రోడ్డు మీదే రోజు అయిపోతుంది. మోర్ముగావ్ ఉన్నది వాస్కోలో, అక్కడికి దగ్గర్లోనే బోగ్మాలో బీచ్ ఉంది, పిల్లలు ఇసుకలో ఆడుకుంటారు, పెద్దవాళ్లు నీడలో కూర్చుంటారు. బీచ్ వద్దనుకుంటే పాత గోవాలో బామ్ జీసస్ బసిలికా చూసి రండి. రేవుకి ఒక్క చోటు, అంతే. ఎండలో ఇద్దరు పిల్లలతో అంతకుమించి పెట్టుకుంటే సాయంత్రానికి ఇంట్లో అందరూ ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు.

కేబిన్ విషయం జాగ్రత్త. ఆరుగురికి రెండు కేబిన్లు పక్కపక్కనే కావాలని బుకింగ్ అప్పుడే అడగండి. మూడో మనిషికీ నాలుగో మనిషికీ ఇచ్చేవి చాలా ఓడల్లో గోడలోంచి కిందకి లాగే పై బెర్తులు, నిచ్చెన ఎక్కాలి, అవి మీకూ పాపకీ పనికొస్తాయి గాని పెద్దవాళ్లకి కాదు. చవగ్గా దొరికే లోపలి కేబిన్‌కి కిటికీ ఉండదు, లైటు తీస్తే పగలో రాత్రో తెలియని చీకటి. దానికితోడు బాత్రూమ్ గుమ్మానికి అడుగున ఎత్తుగా అంచు ఉంటుంది, నిద్రమత్తులో లేచినవాళ్ల కాలు సరిగ్గా దానికే తగులుతుంది. చిన్న బెడ్‌లైటు ఒకటి పట్టుకెళ్లండి, వీలైతే అత్తగారు వాళ్లకైనా కిటికీ ఉన్న కేబిన్ తీసుకోండి. ఖర్చు తగ్గించుకోవాలంటే మీ కేబిన్ దగ్గర తగ్గించుకోండి.

ఇది కుదిరాక వచ్చే ఏడాది సింగపూర్. పాస్‌పోర్టులకి ఇప్పుడే అప్లై చేయించండి, ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. సింగపూర్ వీసా ఒక్కసారి ప్రవేశానికే తీసుకుంటే చాలదు, మీరు ఓడలో దేశం దాటి మళ్లీ అదే ఊళ్లో దిగుతారు కాబట్టి ఎక్కువసార్లు వెళ్లొచ్చే వీసా ఉండాలి. మలేసియా, థాయిలాండ్ నిబంధనలు తరచూ మారుతుంటాయి, టికెట్ కొనే ముందు వాళ్ల అధికారిక సైట్లలో చూసుకోండి. విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది, అయినా ఓడ బయల్దేరే రోజు కాకుండా ముందురోజే చేరండి. రేవుల్లో మీ పెద్దవాళ్లకి బాగా నచ్చేది పినాంగ్. ఓడ జార్జ్‌టౌన్ ఊళ్లోనే ఆగుతుంది, దిగి కాస్త నడిస్తే లిటిల్ ఇండియా, క్వీన్ స్ట్రీట్‌లో మారియమ్మన్ గుడి, దోసెలూ ఫిల్టర్ కాఫీ. ఆ వీధిలో కూర్చోబెడితే అత్తగారు పరాయి దేశంలో ఉన్న సంగతే మర్చిపోతారు.

ప్రశ్న: ప్రకటనలో ఒక రేటు, ఏజెంట్ చెప్పేది ఒక రేటు, వెళ్లొచ్చినవాళ్లు చెప్పే ఖర్చు ఇంకొకటి. అసలెంత అవుతుంది?
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ప్రకటనలో వేసేది ఇద్దరుండే కేబిన్‌లో మనిషికయ్యే చార్జీ, అది కూడా చాలాసార్లు లోపలి కేబిన్‌ది. దాని మీద పోర్టు చార్జీలు, జీఎస్టీ, రోజుకి మనిషికి ఇంత అని సర్వీస్ చార్జి కలుస్తాయి. కాబట్టి ఏజెంటుని ఒకే ఒక్క మాట అడగండి: "అన్నీ కలిపి నా కుటుంబం మొత్తానికి ఎంత? కాగితం మీద రాసివ్వండి." రాసివ్వనంటే ఇంకో ఏజెంటుని చూసుకోండి.

మామూలు భోజనాలు టికెట్లోనే వస్తాయి. కూల్‌డ్రింకులు, మద్యం, స్పెషల్ రెస్టారెంట్లు, వైఫై, ఒడ్డున చూపించే టూర్లు ఇవన్నీ వేరే. ఓడలో నోట్లు తీసే పనుండదు, కేబిన్ తాళంగా ఇచ్చిన కార్డే గీకుతారు, అందుకే ఖర్చు తెలియదు. పిల్లల కార్డుల మీద కొనుగోళ్లు ఆపేయమని మొదటి రోజే రిసెప్షన్‌లో చెప్పండి. రోజూ రాత్రి పడుకునే ముందు బిల్లు చూడండి, తప్పుంటే అప్పటికప్పుడు అడగొచ్చు, దిగే రోజు పొద్దున ఆ క్యూలో నిలబడలేరు.

అన్నిటికంటే గట్టి దెబ్బ ఫోను. ఒడ్డు దాటాక మీ ఫోను ఓడలో ఉండే శాటిలైట్ నెట్‌వర్క్‌ని పట్టుకుంటుంది, అది మామూలు రోమింగ్ ప్యాక్‌లో ఉండదు, అడక్కుండానే డేటా వాడేసి బిల్లు పెంచేస్తుంది. ఓడెక్కగానే అందరి ఫోన్లూ ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, ముఖ్యంగా వీడియోలు చూసే తాతగారి ఫోను.

ప్రశ్న: అరకు ఘాట్ రోడ్డులోనే నాకూ మా అమ్మాయికీ వాంతులు. సముద్రంలో మా గతేంటి?
— ఒక గృహిణి, రాజాం

జవాబు: ఘాట్ రోడ్డంత ఉండదమ్మా, పెద్ద ఓడలకి ఊపు తగ్గించే రెక్కలుంటాయి. కేబిన్ మాత్రం ఓడ పొడవులో మధ్యన, కింది అంతస్తుల్లో తీసుకోండి. ముందు భాగంలోనూ పై అంతస్తుల్లోనూ కుదుపు ఎక్కువ తెలుస్తుంది. తిప్పుతున్నట్టుంటే గదిలో పడుకుని ఫోను చూడకండి, డెక్ మీదకొచ్చి ఆకాశం నీళ్లను తాకే గీత వైపు చూడండి. కడుపు ఖాళీగా పెట్టొద్దు, బిస్కెట్లో మరమరాలో నములుతుండండి, అల్లం మురబ్బా చప్పరించినా కొందరికి తేలికపడుతుంది. అవోమిన్ లాంటి మాత్ర వాంతులు మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు, గంట ముందే వేసుకోవాలి, మగతగా ఉంటుంది. అమ్మాయి వయసుకి ఎంత వేయాలో డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వకండి, రెండేళ్లలోపు పిల్లలకి ఆ మందు అసలు వాడకూడదు.

నెల చూసి వెళ్లడం అసలు మందు. మన బంగాళాఖాతం అక్టోబరు, నవంబరుల్లో ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. ఆ రోజుల్లో ఇటువైపు ఓడ ప్రయాణం పెట్టుకోకండి.

ప్రశ్న: నాన్నకి కిడ్నీ జబ్బు. ఇంకా డయాలసిస్ దాకా రాలేదు, మందుల మీద ఉన్నారు. జీవితమంతా కొబ్బరితోటలోనే గడిపారు, ఒక్కసారైనా ఓడలో తీసుకెళ్లాలని నా కోరిక. తీసుకెళ్లొచ్చా?
— ఒక పాఠకుడు, కవిటి

జవాబు: కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం నుంచి ఇలాంటి ఉత్తరం వస్తే చదివి పక్కన పెట్టలేం బాబూ. మీ నాన్నగారిని చూసే కిడ్నీ డాక్టర్ సరేనంటే తీసుకెళ్లండి, తప్పకుండా తీసుకెళ్లండి. డయాలసిస్ మొదలైపోతే మాత్రం కుదరదు, మామూలు క్రూయిజ్ ఓడల్లో ఆ సదుపాయం ఉండదు. అందుకే వాయిదా వేయకుండా ఇప్పుడే డాక్టర్‌ని అడగమంటున్నాను.

రెండు రాత్రులకి మించనిది, తీరానికి దగ్గరగా తిరిగేది ఎంచుకోండి. ఓడలో డాక్టరుంటాడు, జ్వరం, దెబ్బ, బీపీ లాంటివి చూస్తాడు, ఫీజు విడిగా కట్టాలి. అంతకుమించి ఏదైనా అయితే ఒడ్డుకి చేర్చాల్సిందే, దానికి గంటలు పడుతుంది. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఈ జబ్బు సంగతి దాచకుండా రాయండి, దాస్తే క్లెయిమ్ రాదు. డాక్టర్ ఇచ్చిన చీటీ, ఇటీవలి రిపోర్టులు, వెళ్లే రోజులకి రెట్టింపు మందులు చేతిసంచిలో ఉంచండి. పెద్ద బ్యాగులు పోర్టులోనే తీసేసుకుని ఎప్పుడో సాయంత్రానికి కేబిన్‌కి చేరుస్తారు.

బఫేలో ఉప్పు ఎక్కువ. సూపులు, పచ్చళ్లు, అప్పడాలు, సాసులు పక్కన పెట్టించి చప్పటి కూర వండమని ముందురోజే చెప్పండి, చెబితే చేస్తారు. రేవులో ఎండకి కొబ్బరిబొండం తాగబోతారు, మీ ఊరి మనిషికి అది అలవాటే, కానీ పొటాషియం ఎక్కువున్నవాళ్లకి డాక్టర్లు వద్దంటారు. నీళ్లు ఎంత తాగాలో కూడా డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారమే. నడిచి నడిచి ఒళ్లు నొప్పులంటే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఎవరిచ్చినా వేయనివ్వకండి. ఆ మాత్రలు కిడ్నీని ఇంకా పాడుచేస్తాయి.

ప్రశ్న: రేవుల్లో ఓడవాళ్ల టూరు కాకుండా సొంతంగా టాక్సీ మాట్లాడుకుంటే చవక కదా. ఏమైనా ఇబ్బందా?
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: చవకే. ఇబ్బంది ఒక్కటే, ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు. ఓడవాళ్ల టూరు ఆలస్యమైతే వాళ్లే చూసుకుంటారు, సొంత టాక్సీ అయితే తర్వాతి రేవుకి మీ ఖర్చుతో చేరాలి. అందరూ ఎక్కాలని చెప్పే సమయం ఓడ కదిలే సమయం కంటే అరగంటో గంటో ముందుంటుంది, మీరు దానికి ఇంకో గంట ముందు రేవులో ఉండేలా డ్రైవర్‌కి చెప్పండి.

ఇక్కడ చాలామంది చూసుకోని విషయం ఒకటుంది. సింగపూర్, మలేసియాల్లో ఒకే టైము, థాయిలాండ్ గడియారం ఒక గంట వెనక. ఫుకెట్‌లో దిగగానే ఫోను తనంతట తనే ఒక గంట వెనక్కి తిప్పుకుంటుంది. ఓడ తన టైము మార్చకపోతే మీ ఫోన్‌లో నాలుగు, ఓడలో అయిదు. దిగేటప్పుడు తలుపు దగ్గర ఓడ టైము అడిగి, మామూలు చేతిగడియారం ఒకటి దాని ప్రకారం పెట్టుకోండి.

ప్రశ్న: మా మూడేళ్లవాడు క్షణం కుదురుగా ఉండడు. బాల్కనీ కేబిన్ తీసుకోవచ్చా?
— ఒక తల్లి, సాలూరు

జవాబు: వద్దు. రెయిలింగ్ ఎత్తుగానే ఉంటుంది గాని, బాల్కనీలో వేసిన కుర్చీ ఎక్కితే వాడికి అందుతుంది. కిటికీ కేబిన్ చాలు. ఓడెక్కగానే భద్రతా డ్రిల్లు ఉంటుంది, వాడు ఏడుస్తున్నాడని ఎగ్గొట్టకండి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ఎక్కడికి చేరాలో అక్కడే చెబుతారు. వాడికి సరిపోయే చిన్న లైఫ్‌జాకెట్ కేబిన్‌లోకి తెప్పించుకుని, ఒకసారి తొడిగి చూడండి.

ప్రశ్న: శాకాహారులం. పచ్చళ్లు, పొడులు పట్టుకెళ్లొచ్చా?
— ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: మన దేశం ఓడల్లో శాకాహారానికి లోటుండదు. విదేశీ ఓడల్లో కూడా ముందే రాస్తే భారతీయ శాకాహారం ఇస్తారు, అన్నం పప్పు దొరుకుతాయి. ఇంట్లో వండినవి చాలా కంపెనీలు ఒప్పుకోవు, సీలు తీయని ప్యాకెట్లయితే సాధారణంగా వదిలేస్తారు, వాళ్ల నిబంధనలు ఒకసారి చదవండి. ఇండక్షన్ స్టవ్, కెటిల్, ఇస్త్రీపెట్టె తీసేసుకుంటారు. సింగపూర్ వెళ్లేవాళ్లు గసగసాలు మాత్రం పొరపాటున కూడా పెట్టుకోకండి, అక్కడ వాటిని మాదకద్రవ్యాల కింద నిషేధించారు. ఇంట్లో దంచిన మసాలా పొడిలో అవి వేసుంటే ఆ డబ్బా ఇంట్లోనే వదిలేయండి.